గడువు లేని చెఱ

ఉన్మాదావస్థలో హత్య చేసినవాడు శిక్షనుండి తప్పించుకొనెనని మన పట్టణములందును పల్లెలందును ఒక మాట వాడుకలో నున్నది. "పిచ్చివాడని చెప్పించుకొని బయటపడినాడు" అని రచ్చబండకడ నలుగురును కూడి తీర్మానింతురు. న్యాయస్థానముల మెట్లు చిరకాలముగా ఎక్కి దిగుచున్న మేము ఈ మాట వినినపుడెల్ల, ఆ బయటపడినవా డిప్పు డెక్కడ నున్నాడని అడుగుచుందుము. సాధారణముగా బదులు రాదు. ఏలయన నతడు బయట లేడు. చెఱసాలలోనో, పిచ్చాసుపత్రి యనబడు గోడలనడుమనో ఉన్నాడు. ఎన్నాళ్లుండునో అతనికి తెలియదు, అతని తల్లికి తెలియదు, అతని నక్కడికి పంపిన జడ్జిగారికిని తెలియదు. అదే హత్యను బుద్ధిపూర్వకముగా చేసి యావజ్జీవశిక్ష పొందినవాడు సైతము, పదునాలుగేండ్లు గడచిన పిదప తన విడుదలనుగూర్చి అర్జీ పెట్టుకొనవచ్చునని లెక్క వేసికొనుచుండును. నిర్దోషి యని తీర్పు పొందినవానికి లెక్కించుటకు సంఖ్యయే లేదు. దోషికి గడువును, నిర్దోషికి గడువులేమియు! ఇట్టి వింత యెట్లు కలిగెనో, ఏల నిలిచియున్నదో చదువరుల యెదుట పెట్టుట మా యుద్దేశము.

విషయము చట్టమునకు సంబంధించినది గనుక చట్టమునుండియే మొదలిడుదము. 1860 నాటి శిక్షాస్మృతిలోని 84వ సెక్షను నేడు భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షనైనది. చిత్తవైకల్యమువలన తాను చేయుచున్న పని యెట్టిదో తెలియజాలక, లేదా అది తప్పనియో శాసనవిరుద్ధమనియో తెలియజాలక చేసిన కార్యము నేరము కాదని అందు చెప్పబడినది. అట్టి ముద్దాయిని నిర్దోషిగా తేల్చునపుడు, ఆ కార్యము నతడు చేసెనా లేదా అను సంగతిని తీర్పులో స్పష్టముగా వ్రాయవలెను. చేసెనని వ్రాసినయెడల, 2024 జులై 1 నుండి అమలులోనున్న నాగరిక సురక్షా సంహిత 374వ సెక్షను ప్రకారము (మునుపటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో నిది 335) జడ్జి రెండింటిలో నొకటి చేయవలెను. తగిన చోట, తగిన రీతిని భద్రమైన నిర్బంధములో నుంచుమని ఉత్తరువు చేయవలెను; లేదా జామీను పుచ్చుకొని బంధువునకో మిత్రునకో అప్పగింపవలెను.

ఆ సెక్షనును మఱియొకసారి చదువుడు. అందు స్థలము కలదు, విధము కలదు, కాలము లేదు. దొంగతనమునకు వేసిన ఆరు మాసముల శిక్షయైనను వారంటుమీద తేదీతో జైలుకు పోవును. ఈ నిర్బంధపుటుత్తరువు మాత్రము తేదీ లేకయే పోవును. జడ్జిగారు సంతకము చేసి, చేసిన పనిని ప్రభుత్వమునకు నివేదించి, కాగితమును కట్టగట్టి రికార్డుగదికి పంపుదురు. అంతటితో ఆ న్యాయస్థానమునకును ఆ మనుష్యునకును గల సంబంధము తెగినట్లే. పిమ్మట అతని విడుదల యెవరి చేతిలో నున్నది? 377వ సెక్షను చూడుడు. జైళ్ల ఇన్‌స్పెక్టరు జనరలో, ఆసుపత్రికి నియమితులైన సందర్శకులో, ఇతనిని విడిచినచో తనకు గాని యితరులకు గాని హాని చేయడని ధ్రువపత్రము వ్రాయవలెను. అది రాష్ట్రప్రభుత్వమునకు పోవలెను. ప్రభుత్వము విడువవచ్చును, విడువక నిర్బంధములోనే యుంచవచ్చును, ఆసుపత్రికి మార్చి, ఒక న్యాయాధికారిని ఇద్దరు వైద్యాధికారులను కూర్చి విచారణసంఘమును వేయవచ్చును. ఆ సంఘము చెప్పిన పిదపనైనను విడుచుటయు మానుటయు ప్రభుత్వముదే. లోపలికి పంపునది న్యాయస్థానము, వెలుపలికి తెచ్చునది సెక్రటేరియటు. ఈ రెంటి నడుమ దారి యెంత పొడవైనదో, ఎన్ని బల్లలమీద ఆగునో కచేరీల నెఱిగినవారికి మేము చెప్పనక్కఱలేదు. డాక్టరుగారి ధ్రువపత్రము పైకి పోవును; పోలీసువారి అభిప్రాయము కొఱకు క్రిందికి వచ్చును; "విడుదల చేసినచో గ్రామములో అలజడి కలుగవచ్చును" అను ఒక పంక్తి చేర్చుకొని మరల పైకి పోవును. ఆ యొక్క పంక్తితో మఱి మూడేండ్లు గడచును. ఆ మూడేండ్లను పొడిగించినవా డెవడు? ఎవడును పొడిగింపలేదు. అవి తమంతట తామే పొడిగింపబడినవి.

ఈ పద్ధతి మన నేలపై మొలచినది కాదు. 1800 సంవత్సరము మే నెలలో లండను నగరమందలి డ్రూరీలేన్ నాటకశాలలో హాడ్‌ఫీల్డు అను మాజీ సైనికుడు మూడవ జార్జిరాజుపై పిస్తోలు పేల్చెను. యుద్ధములో తలకు తగిలిన గాయములవలన అతని మతి చలించినదని జూరీవారు అతనిని నిర్దోషి యనిరి. నిర్దోషియైనవానిని ఏమిచేయవలెనో పాలుపోక, పార్లమెంటువారు ఆ యేడే హడావుడిగా ఒక శాసనము చేసిరి. అట్టివారిని "రాజుగారి చిత్తము తెలియువరకు" నిర్బంధములో నుంచవలెనని దాని తాత్పర్యము. రాజుగారి చిత్తము తెలియనేలేదు. హాడ్‌ఫీల్డు 1841లో బెడ్లాము ఆసుపత్రిలోనే మరణించెను. తరువాత 1843లో మెక్‌నాటన్ అనువాడు ప్రధానమంత్రి కార్యదర్శి డ్రమండును కాల్చి నిర్దోషిగా తేలెను. మన 84వ సెక్షనునకు నేటికిని వ్యాఖ్యానముగా చదువబడు సూత్రములు ఆ వ్యవహారమునుండియే పుట్టినవి. అతడును విడుదల కాలేదు. 1865లో బ్రాడ్‌మూరులో చనిపోయెను. ఈ రాజచిత్తమే సముద్రము దాటి వచ్చి, 1898 నాటి కోడులో గవర్నమెంటువారి చిత్తమై కూర్చుండెను. 1947లో తెల్లదొరల పాలన పోయెను. 1973లో కోడు మాఱెను. 2023లో పేరును మాఱెను, సంఖ్యలును మాఱెను. దాస్యచిహ్నముల నన్నిటిని తుడిచివేయుచున్నామని పార్లమెంటులో ఘనముగా చెప్పబడెను. చిత్తము మాత్రము కదలలేదు. 1912 నాటి చట్టము ఇట్టివారిని నేరస్థ ఉన్మత్తులని పిలిచెడిది. నేడు మానసిక రుగ్మత గల వ్యక్తులని మర్యాదగా పిలుచుచున్నారు. మర్యాద మంచిదే. తలుపు తెఱచు పద్ధతికూడ అంత మర్యాదగా నుండిన మఱింత బాగుండెడిది.

తలుపు తెఱవనిచో నేమగునో దేశము మూడుసారులు కన్నులార చూచినది. 1982లో బీహారునందలి హజారీబాగు కేంద్రకారాగారమునుండి అచటి ఉచిత న్యాయసహాయ సంఘమువారు సుప్రీముకోర్టునకొక లేఖ వ్రాసిరి. వీణా సేథీ వ్యాజ్యమని న్యాయవాదులెఱిగిన దిదియే. మతి చలించినదని జైలులో పెట్టబడి, మతి కుదిరిన పిదపను ఏండ్ల తరబడి అచ్చటనే యుండిపోయిన ఖైదీల సంగతి అందు బయటపడెను. జస్టిస్ భగవతిగారు వారిని విడుచుటయేగాక, ఇంటికి చేరుటకు దారిఖర్చులును ఇప్పింపుమనిరి. మఱుసటి యేట రుదుల్ షా వ్యాజ్యము వచ్చెను. 1968 జూన్ 3న సెషన్సుకోర్టు నిర్దోషి యని విడిచిన మనుష్యుడు 1982 అక్టోబరు 16న గాని జైలు వెలుపలికి రాలేదు. ఈ పదునాలుగేండ్లు ఏల నుంచితిరని యడుగగా, అతనికి మతి సరిగా లేకుండెనని రాష్ట్రప్రభుత్వమువారు బదులిచ్చిరి. ఎవరు పరీక్షించిరి, ఏ చికిత్స చేసిరి, ఏనాటికి నయమయ్యెనని అడిగినచో చూపుటకు తగిన కాగితము లేదు. ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్‌గారు 35,000 రూపాయలు పరిహారముగా నిప్పించిరి. పిచ్చి యన్న మాట ఒకటి పలికినచో వేఱొక కారణముతో పనిలేదని జైలువా రనుకొనియుందురు. ఆ ధోరణియే మా భయము.

మూడవది అస్సాము సంగతి. దానిని చదివిన దినమున మాకు అన్నము సహింపలేదు. తీవ్రగాయము చేసెనను నేరముమీద 1951లో ఒక గిరిజనుని పట్టుకొనిరి. విచారణకు తగిన మతిస్థితి లేదని తేజపూరు మానసిక చికిత్సాలయమునకు పంపిరి. 1967లో అతడు కుదుటపడినాడని వైద్యులు వ్రాసిరి. వ్రాసిన తోడనే విచారణ జరిపింపవలెను, లేదా విడువవలెను. ఈ రెండును చేయక, గౌహతి జైలునకు మార్చి మఱచిపోయిరి. 2005 జులైలో, మానవహక్కుల సంఘమువారు కలుగజేసికొనిన పిమ్మట, ఒక్క రూపాయి సొంతపూచీకత్తుపై అతడు వెలుపలికి వచ్చెను. యేబది నాలుగేండ్లు! పట్టుబడిననాడు యువకుడు, విడుదలనాడు డెబ్బదియేండ్లు దాటిన వృద్ధుడు. ఒక దినపత్రికలో పడిన వార్తనే సుప్రీముకోర్టు వ్యాజ్యముగా స్వీకరించి, 3 లక్షల రూపాయలును నెలకు వేయి రూపాయల భృతియు నిమ్మని అస్సాము ప్రభుత్వము నాజ్ఞాపించెను. ఇట్టి రోగులనుగూర్చిన నివేదికలు కాలానుగుణముగా న్యాయస్థానములకు చేరవలెనని 2007లో కట్టడి చేసెను. విడుదలైన కొలది యేండ్లకే అతడు కాలధర్మము నొందెను.

చట్టదృష్టిలో ఈ మూడును ఒక్క తెగకు చెందినవి కావని మాకు తెలియును. ఒకడు విచారణకు తగనివాడు, ఒకడు ఉత్త నిర్దోషి, కొందఱు జైలులో రోగులైనవారు. అయినను వీరిని కలిపినదొకటి కలదు. వీరి నంతకాలము నిర్బంధించుమని ఏ న్యాయమూర్తియు ఏనాడును ఉత్తరువు చేయలేదు. ఉత్తరువే చేసియుండిన, దానిపై అప్పీలుండెడిది. కారణము వ్రాసియుండిన, కారణము తప్పని వాదింప వీలుండెడిది. లేని కాగితముపై ఎవడు అప్పీలు చేయగలడు?

ఇదే రాజచిత్తమును మనవలెనే ఇంగ్లండునుండి పొందిన దేశములు మఱికొన్ని కలవు. వానిలో ఆస్ట్రేలియాయందలి న్యూ సౌత్ వేల్సు రాష్ట్రము ఈ విషయమున ఏమి చేసినదో కొంచెము నిదానముగా చూడదగును. అచ్చటకూడ ఒకప్పుడు గవర్నరుగారి చిత్తమే శాసనము. నేడు 2020 నాటి చట్టము అమలులో నున్నది. 2021 మార్చినుండి అది నడచుచున్నది. చిత్తవైకల్యముచే నేరబాధ్యత లేదని తీర్పు పొందిన రోగిని, న్యాయవాదియు మానసికవైద్యుడును చేరిన ఒక ట్రిబ్యూనలు సామాన్యముగా ఆరు మాసముల కొకసారి విచారింపవలెను. విచారణకు తగనివాడై, దొరకిన సాక్ష్యమునుబట్టి కార్యము చేసెనని తేలినవానికి జడ్జి ఒక గరిష్ఠ గడువును నిర్ణయించును. ఇతడు ఆరోగ్యవంతుడై మామూలు విచారణలో దోషియైయుండిన ఎంత శిక్ష పడెడిదో అంతయే ఆ గడువు. గడువు తీఱిననాడు అతడు స్వతంత్రుడు.

తీఱిననాటికిని అతడు ప్రమాదకరుడని ప్రభుత్వమునకు తోచిన నేమి? అప్పుడు ప్రభుత్వమే సుప్రీముకోర్టునకు పోయి అర్జీ పెట్టుకొనవలెను. అదియు గడువు తీఱుటకు ముందటి ఆరు మాసములలోపలనే. కోర్టు నియమించిన ఇద్దరు నిపుణులు రోగిని వేర్వేఱుగా పరీక్షించి నివేదికలు సమర్పింపవలెను. విడిచినచో ఇతరులకు తీవ్రహాని చేయుననునది సహింపరాని ప్రమాదముగా నున్నదనియు, దానిని ఇంతకన్న తక్కువ నిర్బంధముతో అరికట్టుట సాధ్యము కాదనియు ఉన్నతస్థాయి సంభావ్యతతో న్యాయమూర్తి నమ్మవలెను. రుజువుభారము ప్రభుత్వముది. నమ్మినను ఒక్కొక్క పొడిగింపు అయిదేండ్లకు మించరాదు. పొడిగింపు అనగా ఎల్లప్పుడును గోడలలో నుంచుటయని కాదు. ట్రిబ్యూనలువారు షరతులపై వెలుపల నివసింపనీయవచ్చును. ఫలాని యింట నుండుము, ఫలాని మందు పుచ్చుకొనుము, ఫలాని వైద్యునికి కనబడుము, తప్పినచో తిరిగి రప్పింతుము, అని చెప్పి పంపవచ్చును.

ఆ శాసనమును మేము సర్వోత్కృష్టమని పొగడుటకు కూర్చుండలేదు. గడువు తీఱిన మనుష్యుని అతడు చేసినదానికి గాక, చేయబోవునేమో యన్నదానికి పట్టియుంచుట న్యాయవాదుల మనస్సునకు ఎన్నడును నచ్చునది కాదు. 1919లో రౌలటు శాసనమును ఎదిరించిన జాతికి అది బొత్తిగా నచ్చరాదు. పైగా ఇట్టి పొడిగింపులు ఒకటి వెంబడి ఒకటి చేయవచ్చును. వైద్యుడు ఎంతటి పండితుడైనను ఫలానివాడు రేపు కత్తి పట్టునని పంచాంగము చెప్పినట్లు చెప్పజాలడు. ఈ దోషములన్నియు నుండగా, దానిలో మేము మెచ్చునది యొక్కటే. అచ్చట నిర్బంధము పెరిగినచో, ఎవడో యొకడు దినము నిర్ణయించి, కారణము వ్రాసి, పేరు చేవ్రాలు చేసి పెంచవలెను. రోగి తన వకీలుతో ఎదుటికి వచ్చి కాదనవచ్చును.

పరదేశపు పద్ధతులు మనకేల యనువారు కలరు. వారికొఱకు మన ఇంటిలోని పద్ధతినే చూపెదము. 2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టము 2018 నుండి అమలులో నున్నది. ఏ నేరమును ఎఱుగని రోగిని అతని యిష్టములేక ఆసుపత్రిలో నుంచవలెనన్న, 89వ సెక్షను ప్రకారము ముప్పది దినములు మాత్రమే ఉంచవచ్చును. ఆపైన నుంచవలెనన్న 90వ సెక్షను క్రింద మానసికారోగ్య బోర్డువారి యనుమతి కావలెను. అది మొదట 90 దినములు, పిదప 120, ఆపైన ఒక్కొక్క తడవకు 180 దినములు. ప్రతి తడవయు వైద్యులు మరల చూడవలెను, బోర్డువారు మరల తలయూపవలెను. ఎంత జాగ్రత్తయో! అదే చట్టమున 103వ సెక్షనుకు రండు. న్యాయస్థానము 335 క్రింద పంపినవాని విషయమున ఆ యొక్క యుత్తరువే అతనిని చేర్చుకొనుటకు చాలిన అధికారమని అందున్నది. ఈ దినములలెక్క అతనిని అంటదు. ఒకే ఆసుపత్రి, ఒకే వార్డు, ఒకే రోగము, ఒకే మాత్ర. ఈ మంచముమీదివానికి 180 దినముల కొక ప్రశ్న, ఆ మంచముమీదివానికి ఎన్నటికిని ప్రశ్న లేదు. ఇద్దరును చట్టము దృష్టిలో నేరము చేయనివారే.

అంతదూరమేల? దేశభద్రతకు ముప్పని విచారణలేకయే పట్టియుంచిన డెటిన్యూకు సైతము రాజ్యాంగము 22వ అనుచ్ఛేదమున ఒక రక్ష కల్పించినది. మూడు మాసములు మించి అతనిని ఉంచవలెనన్న, హైకోర్టు న్యాయమూర్తుల స్థాయివారితో కూడిన సలహామండలి అంగీకారము సామాన్యముగా కావలెను. ఆ ప్రివెంటివ్ డిటెన్షను శాసనములనే మనము దుశ్శాసనములందుము. వానిలోనున్న పాటి రక్షయైనను ఈ రోగికి లేకపోయెను గదా!

ఇక ఎదుటిపక్షపు వాదము. దానిని తేలికగా తోసివేయువారము కాము. కొడుకును గాని, భార్యను గాని పోగొట్టుకొనిన కుటుంబమొకటి అదే వీధిలో నున్నది. ఆ చేతులే మరల ఆ వీధిలో తిరుగునన్న వారికి నిద్రపట్టునా? పోలీసువారు వ్రాయు ఆ యొక్క పంక్తిలో కొంత నిజము లేకపోలేదు. మందులు మాని మరల రోగము తిరుగబెట్టుట సామాన్యముగా జరుగుచున్నదే. ఇవన్నియు మే మొప్పుకొందుము. కాని వీనివలన తేలునదేమి? విడుదలకు ముందు జాగ్రత్తగా విచారింపవలెననియు, పిదప కనిపెట్టియుండవలెననియు తేలును. విచారణయే వలదని తేలదు. పోగొట్టుకొనినవారి మొరయు ఆ విచారణలోనే వినవచ్చును; నేడు వారినిగూడ అడుగువారు లేరు. కచేరీ బల్లమీద కాగితము కదలకుండుట వారికి రక్షయని యెవరైన ననుకొనిన, అది యెంత బలహీనమైన రక్షయో చూడుడు. ఏదో యొకనాడు ఎవరో హైకోర్టులో రిట్టు వేయుదురు; ఇన్నేండ్లు కారణములేక ఉంచితిరని కోర్టువారు ఉగ్రులై తక్షణము విడువుమందురు. అపుడు అతడు మందు లేక, ఇల్లు లేక, కనిపెట్టువాడు లేక వీధిలో పడును. పొడిగింపు లేని నిర్బంధమునకు ముగింపుకూడ అట్లే అడ్డదిడ్డముగా నుండును.

మన శాసనమునందలి పెద్ద లోటు నడిమిమెట్టు లేకపోవుట. జైలో ఆసుపత్రియో యొకవైపు, బంధువు మఱియొకవైపు. జామీను వ్రాసి, సంరక్షణకు పూచీపడి, అధికారులు చూపుమన్నపుడెల్ల తీసికొనివచ్చి చూపుదునని ఒప్పుకొను బంధువు కావలెను. ఈ యేర్పాటు చదువుటకు సొంపుగనే యున్నది. కాని రోగము ముదిరి చేయి లేచిననాడు ఆ చేయి పడునది సాధారణముగా ఎవరిమీద? పరులమీద కన్న ఇంటివారిమీదనే యధికము. తల్లిని పోగొట్టుకొనిన అన్న తమ్మునికి జామీను వ్రాయునా? భర్తృహంత యైన కోడలికి అత్త పూచీపడునా? వ్రాయదలచినను, రెండెకరముల మెట్ట గలవానికి సాల్వెన్సీ సర్టిఫికేటు తహసీలు కచేరీలో ఒక్కనాట దొరకునా? చినవాల్తేరు ఆసుపత్రినైనను ఎర్రగడ్డ ఆసుపత్రినైనను ఊరివారు పరిహాసమునకు పేరెత్తుదురు గాని, అచ్చట చేరినవానికొఱకు తిరిగి పోవువారు అరుదు. ఇల్లు లేదనియో, ఇంటివారు రానీయరనియో, వెలుపల వసతులు లేవనియో ఎవరిని ఆసుపత్రిలో ఉంచివేయరాదని అదే 2017 చట్టము 19వ సెక్షను గంభీరముగా పలుకుచున్నది. నయమైనవారికి నడిమియిండ్లు ఏర్పఱుపుమని సుప్రీముకోర్టును పలుమాఱులు చెప్పినది. నడిమియిండ్లు లేనిచోట ఈ సెక్షను చదివి వినిపించుట, ఓడ లేని రేవున టిక్కెట్టు అమ్ముట వంటిది.

కావున మేము కోరునది యిది. 374 క్రింద చేయు ప్రతి నిర్బంధపుటుత్తరువుపైనను ఆరు మాసములకు మించని తేదీ యుండవలెను. ఆ తేదీలోపల పబ్లిక్ ప్రాసిక్యూటరు అదే సెషన్సుకోర్టులో పొడిగింపు అర్జీ వేయవలెను. వేయనిచో నిర్బంధమునకు ఆధారము తీఱిపోవలెను. ఇద్దరు మానసికవైద్యుల నివేదికలు కావలెను. అందొకరు అతనికి చికిత్స చేయువారు కాక వేఱొకరై యుండవలెను. రోగికి ప్రభుత్వఖర్చుపై వకీలుండవలెను. న్యాయసేవా సంస్థలవారు ఆ పని చేయగలరు. విడుచుట, ఉంచుట అను రెంటినడుమ షరతులతో వెలుపల నుంచుట యను మూడవదారి జడ్జి చేతిలో నుండవలెను. ఆ దారిలో జిల్లా ఆసుపత్రి వైద్యుడును, ఇంటిలేనివానికి ఒక నడిమియిల్లును ఉండవలెను. ఒకడు చేసిన కార్యమునకు గరిష్ఠశిక్ష ఎన్నేండ్లో అన్నేండ్లు గడచిన పిదప, హైకోర్టు అనుమతిలేక ఒక్కదినమైనను పొడిగింపరాదు.

దీనికి పార్లమెంటు శాసనము కావలెననియు, అదెన్నడు వచ్చుననియు మా మిత్రులు కొందఱు నిట్టూర్పు విడుచుచున్నారు. అంతవరకు చేతులు ముడుచుకొని కూర్చుండనక్కఱలేదు. నిర్బంధ మెట్టి రీతిని ఉండవలెనో నిర్ణయించు అధికారము 374వ సెక్షనే జడ్జికి ఇచ్చియున్నది. "ఫలాని తేదీన నివేదికతో నా యెదుట పెట్టుడు" అని ఒక పంక్తి చేర్చుటకు ఏ జడ్జికిని అడ్డములేదు. వాదించునపుడు ఆ పంక్తిని అడుగుట మన న్యాయవాదుల పని. నిర్దోషియని తీర్పు వచ్చినతోడనే కేసు గెలిచితిమని కాగితములు కట్టి ఇంటికి పోవుట మనలో చాలమందికి అలవాటు. కక్షిదారుడు ఏ దారిని పోయెనో చూచుటకు వెనుదిరిగినవారు తక్కువ.

మఱియొక సులువు కలదు. ప్రతి జిల్లాలోను జిల్లాజడ్జి అధ్యక్షతను, కలెక్టరును పోలీసు సూపరింటెండెంటును సభ్యులుగా, విచారణఖైదీల పునఃపరిశీలన సంఘము మూడు నెలల కొకసారి కూడుచున్నది. మతిస్థితి సరిగాలేని విచారణఖైదీల పేర్లు దాని జాబితాలో చేరవలెనని యేర్పాటున్నది. కాని మేము చెప్పుచున్న మనుష్యుడు విచారణఖైదీ కాడు, విచారణ ముగిసినది. శిక్షపడిన ఖైదీయు కాడు, నిర్దోషి. అందుచేత రెండు జాబితాలలోను అతని పేరు లేదు. తెలుగునాట రెండు రాష్ట్రములలోను జైళ్లలోనేమి, చినవాల్తేరులోనేమి, ఎర్రగడ్డలోనేమి, ఇట్టివా రెందఱున్నారో, ఏ తేదీనుండి యున్నారో, తుదిసారి వైద్యుడు ధ్రువపత్రము వ్రాసినదెపుడో, ఆ పత్రము ఇప్పు డే బల్లమీద నున్నదో తెలుపు మూడవ జాబితా నొకదానిని రాబోవు సమావేశముననే జిల్లాజడ్జీలు తెప్పింపవలెనని కోరుచున్నాము. బారు అసోసియేషనులు తీర్మానములు చేసి ఈ కోరికను హైకోర్టులకు పంపవలెను. మా జిల్లా అసోసియేషను ముందుకు ఆ తీర్మానమును మేమే తెచ్చుచున్నాము.